తీరిక పడవకు తెరలు

తెనాలి ఐతానగర్‌లో కాలవ పక్కన నాగశివకు ఆటో హుడ్లు, సీట్లు కుట్టే దుకాణం ఉంది. ఇరవై ఏళ్ళు పైబడిన దుకాణం. ఇప్పుడు అక్కడికి వచ్చేవాళ్ళలో సగంమంది నాగశివ కోసం రారు. "దోమల మెష్‌లు కుట్టే అమ్మ ఉన్నారాండీ?" అని అడుగుతారు. ఆ అమ్మ అతని భార్య సంధ్యారాణి.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. కూతురు లాస్య రెండో తరగతిలో ఉండగా డెంగీ జ్వరంతో తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. పిల్లను ఇంటికి తెచ్చిన సాయంత్రమే సంధ్యారాణి బజారుకు పోయి నైలాన్ మెష్ తెచ్చింది. దుకాణంలో పడి ఉన్న వెల్క్రో పట్టీని అంచుల వెంట వేసి పడకగది కిటికీకి ఒక తెర కుట్టింది. మేకు కొట్టే పనిలేదు, చట్రం అక్కర్లేదు. లాగితే ఊడి వస్తుంది, ఉతికి మళ్ళీ అంటించుకోవచ్చు. పక్కింటివాళ్ళు చూసి తమకూ ఒకటి కుట్టమన్నారు. తరవాత వీధివాళ్ళు, ఆ తరవాత చెంచుపేట, కొలకలూరు, చేబ్రోలు. లాస్య ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది.

సంధ్యారాణికి ఒక పట్టింపు ఉంది. కొలతలు కాగితం మీద రాసి పంపితే తీసుకోదు. "కిటికీ చూడకుండా కుట్టనండి" అంటుంది. మెష్ కొనేటప్పుడు కంటితో చూడదు, బొటనవేలి కింద పెట్టి జరుపుతుంది. మెష్ కన్ను ఎంత సన్నమో ఆ వేలికే తెలుస్తుంది. అది పుట్టింటి అలవాటు. నిజాంపట్నం దగ్గర ఒక పాలెంలో పుట్టిందామె. తండ్రి సింగరయ్య సముద్రం మీద వేట చేసినవాడు, వలలు అల్లడంలో చుట్టుపక్కల పేరున్నవాడు. పెళ్ళయ్యేదాకా ఆమె చెయ్యి ఎప్పుడూ ఏదో ఒక వల మీదే ఉండేది.

పోయిన ఏడు వినాయక చవితి వెళ్ళిన వారానికి ఒక పెద్దాయన దుకాణం ముందు స్కూటరు ఆపారు. పేరు సుబ్బరామయ్య. బాపట్లలో ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. చేతిలో మడతపెట్టిన గీతల కాగితం ఉంది.

"పదకొండు తెరలు కావాలమ్మా. కొలతలన్నీ ఇందులో ఉన్నాయి."

"ఇల్లెక్కడండీ?"

"ఇల్లు కాదమ్మా, పడవ."

నాగశివ కుట్టుమిషను ఆపి తలెత్తి చూశాడు. సంధ్యారాణి కాగితం విప్పనైనా విప్పలేదు.

"పడవైనా చూడకుండా కుట్టనండి మాస్టారూ. ఎక్కడుందో చెప్పండి, వస్తాను."

పడవ రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డున పెనుమూడి రేవులో ఉంది. వేటకు తిరిగిన పాత ఫైబరు పడవను కొని, దాని మీద గది కట్టించి, పడుకోవడానికి రెండు బల్లలు, చిన్న వంటగట్టు పెట్టించుకున్నారాయన. భార్య వాగ్దేవి హైస్కూల్లో తెలుగు చెప్పి ఆయనతోపాటే రిటైరయ్యారు. ఇద్దరూ పడవ మీదే నాలుగేసి రోజులుండి ఏటి మీద తిరగాలని ఆయన కోరిక. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: దోమలు కుట్టకూడదు.

మర్నాడు సంధ్యారాణి టేపు, సుద్దముక్క సంచిలో వేసుకుని రేపల్లె పాసింజరు ఎక్కింది. రేపల్లెలో దిగి ఆటోలో రేవుకు చేరింది. పడవ పక్కన తెల్లరంగుతో 'తీరిక' అని రాసి ఉంది. ఒడ్డు నుంచి పడవలోకి ఒక బల్ల వేశారు. సుబ్బరామయ్య అవతల నిలబడి చెయ్యి అందించారు. ఆమె బల్ల మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది.

"భయమేం లేదమ్మా, కదలదు."

"భయం కాదండి," అంది.

సముద్రం పక్కన పుట్టినా ఆమె పడవ ఎక్కడం అదే మొదటిసారి. వాళ్ళ పాలెంలో అప్పట్లో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కకూడదు. పదేళ్ళప్పుడు తండ్రి కొత్త పడవ ఒడ్డున ఉంటే, ఆడుకుంటూ ఎక్కి లోపల కూర్చుంది. పున్నయ్య అనే పెద్దమనిషి చూసి ఊరంతా వినబడేలా కేకలేశాడు. పడవను పసుపునీళ్ళతో కడిగారు. ఆ రోజు వేట మానేశారు. తండ్రి ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఆమె వైపు చూడకుండా తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఆ పడవ వలలన్నీ తన చేత్తో బాగుచేసిన పిల్లే, ఆ తరవాత ఎన్నడూ పడవ దాపులకు పోలేదు.

ఇదంతా ఆమె ఎవరికీ చెప్పలేదు. సుబ్బరామయ్య చెయ్యి పట్టుకుని లోపలికి దిగి టేపు తీసింది.

పక్కలకు ఆరు కిటికీలు, పైకప్పులో గాలి కోసం రెండు మూతలు, వెనక తలుపు, ముందు రెండు గుండ్రటి కన్నాలు. అన్నీ కొలిచి, వారంలో కుట్టి తెచ్చి, ఇళ్ళకు అంటించినట్టే వెల్క్రో పట్టీలు అంటించింది. పని చూడటానికి ముచ్చటగా ఉంది. వాగ్దేవి పడవలోనే కాఫీ పెట్టి ఇచ్చారు. "మా ఇంట్లో కూడా ఇంత నీటుగా లేవమ్మాయ్" అన్నారు.

నాలుగో రోజు పొద్దున ఫోను వచ్చింది.

"సంధ్యా, కోపంతో చేస్తున్నాననుకోకు," అన్నారు వాగ్దేవి. "బయల్దేరిన మొదటి రోజు ఎండకే జిగురు కరిగి పట్టీలు జారాయి. సాయంత్రానికి నాలుగు తెరలు కింద పడ్డాయి. ఊడనివేమో గాలి రానివ్వలేదు. ఒకటే ఉక్క. ఏవో సన్నపు నుసుములు మెష్‌లోంచే దూరి వచ్చి కుట్టాయి. నా చేతులు చూస్తే అమ్మవారు పోసిందనుకుంటావు. మధ్యలోనే వెనక్కి వచ్చేశాం."

ఇన్నేళ్ళలో సంధ్యారాణి కుట్టిన తెర ఊడిందని ఎవరూ ఫోను చెయ్యలేదు. ఆ పూట అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయింది.

"వదిలెయ్ రాణీ," అన్నాడు నాగశివ. "మన పని ఇళ్ళకి. ఎండా ఉప్పుగాలీ తట్టుకునే పని వేరు. మాస్టారికి చెబితే ఏమీ అనుకోరు."

"ఆయన అనుకోరండీ. నేను అనుకుంటాను."

"పోనీ గట్టి జిగురు చూద్దామా?"

"జిగురు కాదండీ. ఇంటికైతే దోమ ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు. అక్కడ దోమ వచ్చే వేళకి నేను లేను. పగలు కొలిచి పగలే వచ్చేశాను."

ఆ మాట అన్నాక ఆమెకే దారి కనబడింది. మర్నాడు మధ్యాహ్నం బండికి బయల్దేరి సాయంత్రం నాలుగుకల్లా రేవులో ఉంది. సంచిలో ఈసారి టేపుతోపాటు పాత చీరలు ఉన్నాయి. వాటిని ముక్కలు చేసి తలుపుతో సహా పడవకున్న ప్రతి సందులో కుక్కింది. పొద్దు వాలుతుండగా లోపల దీపం వెలిగించమంది.

"ఇప్పుడు ఒక్కొక్క గుడ్డే తీస్తానండి. తీసినప్పుడల్లా కాసేపు చూద్దాం."

సుబ్బరామయ్యకు ఇది బాగా నచ్చింది. కాలేజీ లాబులో కూర్చున్నంత హుషారుగా వాచీ చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. వాగ్దేవి బల్ల మీద కాళ్ళు ముడుచుకుని విసనకర్ర పట్టుకున్నారు. ఎదురుచూసే ఆ కాసేపు ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు.

"ఇంత బాధపడి పడవలో ఎందుకండీ టీచరుగారూ? మాస్టారి కోసమా?"

"మొదట ఆయన కోసమే అనుకున్నాను," అన్నారు వాగ్దేవి. "ముప్పై ఆరేళ్ళు బడిగంట కొడితే లేచాను, గంట కొడితే తిన్నాను. రిటైరయ్యాక కూడా పదిన్నరకి నాకు కాళ్ళు నిలవవు, ఎక్కడికో పోవాలనిపిస్తుంది. ఇక్కడికి వచ్చిన రోజు మాత్రం టైమెంతయిందో చూసుకోలేదు. అందుకని నాకూ కావాలమ్మాయ్ ఈ పడవ. దోమల్లేకుండా కావాలి."

చీకటి పడేలోగా సంధ్యారాణి పడవంతా చదివేసింది. కిటికీల కంటే ఎక్కువగా దోమలు మూడు చోట్ల నుంచి వస్తున్నాయి. ముందు వైపు లంగరు తాడు లోపలికి దిగే కన్నం ఒకటి. పైకప్పు మూతల బందుల దగ్గర వేలెడు సందు రెండోది. మూడోది వెనక తలుపు. మనిషి బయటికి పోయి వచ్చిన ప్రతిసారీ పట్టీ పీకాలి, అంటించాలి. ఆలోగా దోమల గుంపు మనిషితోపాటే వస్తోంది. పైగా చివరి గుడ్డ తీశాక దీపం కింద పరిచిన తెల్లటి కాగితం మీద వాలిన నుసుముల్ని చూసింది. అవి ఆవగింజలో సగం కూడా లేవు.

"వీటికి మెష్ ఇంకా సన్నంది కావాలండి," అంది.

"సన్నందైతే గాలి ఇంకా తగ్గుతుందమ్మా," అన్నారు సుబ్బరామయ్య. "గాలి సగమే వస్తున్నప్పుడు కిటికీ రెట్టింపు ఉండాలి. కిటికీని పెంచలేం కదా."

సంధ్యారాణి పైకప్పు మూత వైపు కాసేపు చూసింది.

"కిటికీని పెంచలేమండి. తెరని పెంచొచ్చు. చదునుగా బిగించకుండా సంచిలా కుడితే? వలకి సంచి ఉండదూ, అలా పైకి లేచి ఉంటుంది. కన్నం అంతే, గుడ్డ మూడింతలు."

ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆ సంచి బొమ్మ గీయడం మొదలుపెట్టారు.

కిటికీలకు జిగురు మానేసింది. తెనాలిలో పొలాల సామాను అమ్మే కొట్టుకు పోయి సన్నటి నల్ల డ్రిప్పు పైపు తెచ్చింది. కిటికీ చుట్టుకొలత కంటే రెండు వేళ్ళు పొడుగ్గా కోసి, కొసల్లో పుల్ల దూర్చి కలిపి, ఆ చుట్టకు ఇంకా సన్నకన్ను మెష్ బిగించి కుట్టింది. నొక్కి వదిలితే పైపు దానంతట అదే విచ్చుకుని కిటికీ గూటిలో కూర్చుంటుంది. కింద గుడ్డ తోక ఒకటి వేసింది. లాగితే ఒక్క క్షణంలో వచ్చేస్తుంది. మొదటి మూడూ వంకర పోయాయి. నాలుగోది దుకాణం కిటికీలో పెట్టి నాగశివ గుద్ది చూశాడు, ఊడలేదు. అప్పటి నుంచి మిగతా చుట్టలు అతనే వంచి ఇచ్చాడు.

తలుపు ఒక్కటే మిగిలింది. రెండు పరదాలు ఒకదాని మీద ఒకటి పడాలి, మనిషి దూరి వస్తే వాటంతటవే మూసుకోవాలి, ఏటి గాలికి లేవకూడదు. అంచుకు బరువు కావాలి. అలాంటి బరువు ఎవరి దగ్గర దొరుకుతుందో ఆమెకు ఆలోచించే పనిలేదు. ఆదివారం పాలెం వెళ్ళింది.

సింగరయ్య అరుగు మీద కూర్చుని విసురువలకు సీసం గుండ్లు కడుతున్నాడు. డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళు పట్టేశాక వేట మానేశాడు, వల మానలేదు.

"గుండ్లు కావాలి నాన్నా."

"ఏ వలకి?"

"దోమల వలకి."

ముసలాయన నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. ఆమె సంచిలోంచి పరదా తీసి పరిచింది. ఆయన అంచును వేళ్ళతో తడిమి చూశాడు.

"ఈ గుడ్డకి ఈ గుండ్లు ఎక్కువ. కుట్టు తెగుద్ది. చిన్నవి కొట్టి ఇస్తా. బెత్తెడుకొకటి చాలు, కొసల్లో మాత్రం రెండు. కొస లేస్తే మొత్తం లేస్తది." పరదా మడిచి ఇస్తూ, "పడవెవరిది?" అన్నాడు.

"బాపట్ల మాస్టారిది. పెనుమూడి రేవులో ఉంది."

"బిగించేటప్పుడు నన్ను రమ్మంటావా?"

ఆయన ఆమె పనికి వస్తాననడం ఎన్నడూ లేదు. "రా నాన్నా" అంది.

కార్తీకం మొదట్లో ఒక ఉదయం అందరూ రేవులో కలిశారు. సంధ్యారాణి తెరల మూట తీసుకుని బల్ల మీద నడిచి పడవలోకి పోయింది. వెనక నాగశివ పోయాడు. సింగరయ్య మాత్రం ఒడ్డునే నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"రా నాన్నా. మోకాళ్ళు నొప్పా?"

"కాదు." ముసలాయన తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. "ఎక్కమంటావా అమ్మా?"

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మూట కింద పెట్టి, బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఎక్కు నాన్నా. నా పని చూద్దువుగాని."

ఆయన ఎక్కాడు. ఆయన తలుపు గుమ్మంలో కూర్చుని పరదా అంచులో గుండ్లు సర్దుతుంటే, ఆమె పక్కన కూర్చుని వాటి మీదుగా కుట్టు వేసింది.

మధ్యాహ్నానికి అన్నీ అమిరాయి. ఆరు కిటికీల్లో ఆరు చుట్టలు, ముందు కన్నాల్లో చిన్నవి రెండు, లంగరు కన్నానికి తాడు చుట్టూ బిగుసుకునే గుడ్డ గొట్టం, పైకప్పు మీద రెండు మెష్ సంచులు. సంచి అంచును సాగే నాడాతో మూతకూ బందులకూ కలిపి కప్పేసింది. వేలెడు సందు కూడా అందులోకే పోయింది.

మూడింటప్పుడు ఆగ్నేయం వైపు నుంచి మబ్బు ఎక్కింది. "అదిగో, పరీక్ష వస్తోంది" అన్నారు సుబ్బరామయ్య. మాట పూర్తయ్యేలోగా గాలి తిరిగి చినుకులు పడ్డాయి. వాగ్దేవి ఒక వైపు, సంధ్యారాణి ఒక వైపు తోకలు పట్టి లాగారు. చుట్టలు టపటపా చేతుల్లోకి వచ్చాయి, కిటికీలు మూసుకున్నాయి. నాగశివ పైకెక్కి వెనక సంచి తీశాడు. ముందు సంచి దగ్గరికి పోయేలోగా గాలి దాన్ని ఎత్తుకుపోయి ఏట్లో పడేసింది. తెల్లగా ఉబ్బి నీటి మీద తేలుతూ పోతుంటే సింగరయ్య వెదురుగడ అందుకుని, వానలో తడుస్తూనే వంగి, దాన్ని కొసకు తగిలించి లాగాడు.

"ఒక్క చేప కూడా లేదే!" అన్నాడు. అందరూ నవ్వారు. సంధ్యారాణి కూడా నవ్వింది గాని, నవ్వుతూనే సంచిని తిప్పి తిప్పి చూసింది. నాడా ఒక్కటే చాలదు. వాన వెలిశాక ప్రతి సంచికీ నాలుగు మూలలా తాళ్ళు కుట్టి, లోపల కొక్కేలకు కట్టేలా చేసింది. విప్పడానికి ఇంకొంచెం సేపు పడుతుంది. అయినా అంతకంటే దారి తోచలేదు.

ఆ వారంలోనే 'తీరిక' నాలుగు రోజుల ప్రయాణానికి బయల్దేరి ఏరు సముద్రంలో కలిసే చోటు దాకా, మడ అడవి పక్కకు పోయింది. ఆ నాలుగు రోజులూ సంధ్యారాణికి ఇంటి పని మీద మనసు లేదు. ఫోను మోగితే నాగశివ కంటే ముందు తీసేది. మూడో రోజు పొద్దున అది వాగ్దేవి ఫోను.

"ఏంటి టీచరుగారూ, ఊడిపోయాయా?"

"లేదమ్మాయ్, ఇప్పుడే లేచాను. ఎండ మొహాన పడి మెలకువ వచ్చింది. ఎంతసేపు పడుకున్నానో నాకే తెలీదు." ఆవిడ ఆవులించిన చప్పుడు వినబడింది. "ఒక్క దోమ ఉంది లోపల. మాస్టారు పరదా పూర్తిగా పడనివ్వకుండా గుమ్మంలో నిలబడి నక్షత్రాలు చూస్తుంటే వచ్చింది. దానికి మందు నీ దగ్గర లేదు."

సంధ్యారాణి ఫోను పెట్టేసి, కాలవ వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. లోపల నుంచి నాగశివ "ఏమన్నారు?" అని రెండుసార్లు అడిగాడు. "నిద్రపోయారట" అంది. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమెకు కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

రేవులో ఆ తెరల్ని చూసినవాళ్ళు నిజాంపట్నంలో చెప్పారు. సంక్రాంతికి ముందు కిరీటి అనే పెద్ద బోటు యజమాని ఫోను చేశాడు. "అక్కా, మా కుర్రాళ్ళు హార్బరులో ఉన్నన్ని రోజులూ దోమలకి నిద్రలేదు. ఎనిమిదిమంది పడుకునే గది. ఒకసారి వచ్చి చూస్తారా?" ఆమె వెళ్ళింది. సాయంత్రం దాకా ఉండి, చీర ముక్కలు కుక్కి, ఒక్కొక్కటే తీసి చూసింది. ఇప్పటికి అలాంటి బోట్లు ఏడో ఎనిమిదో అయ్యాయి. చేపల వాసన పట్టిన మెష్ ఎలా ఉతకాలో కూడా ఆమే చెప్పి వస్తుంది.

గుండ్లు సింగరయ్యే కొడతాడు. పాత డబ్బాలో పోసి, మూతికి గుడ్డ కట్టి, తెనాలి బస్సు కండక్టరు చేతికిస్తాడు. దుకాణానికి వచ్చే ఇళ్ళవాళ్ళు కూడా ఇప్పుడు గుమ్మానికి అలాంటి పరదాలే అడుగుతున్నారు. మొన్న తండ్రీ కూతుళ్ళిద్దరూ ఫోనులో అదే విషయం మీద వాదించుకున్నారు.

"ఇళ్ళ గుమ్మాలకి అంత బరువొద్దు నాన్నా. చిన్నపిల్లల కాళ్ళకి తగులుతుంది."

"తగలదు. కొసల్లో రెండు లేకపోతే మాత్రం లేస్తది, చెబుతున్నా."

"ఇక్కడ ఏటి గాలి లేదు కదా."

"ఫ్యాన్ లేదా?"

సంధ్యారాణి "ఉంది" అని ఒప్పుకుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, అంచు చివర రెండో గుండు దూర్చి మిషను తొక్కింది.